మళ్ళీ కథ దగ్గరికి

నాకు రాయడానికి దొరికే టైమ్ తక్కువే. అకౌంట్స్ విభాగంలో ఉద్యోగం, ఎనిమిదో తరగతి చదివే కూతురు, జ్ఞాపకశక్తి తగ్గిపోతున్న అత్తయ్య. అయినా రాయడం గురించి ఎవరైనా అడిగినప్పుడు నేను టైమ్ గురించి పెద్దగా మాట్లాడను. పొద్దున్న ఒక అరగంట, రాత్రి ఇంకో అరగంట ఎలాగోలా దొరుకుతాయి. దొరికిన ఆ అరగంటలో కథలోకి మళ్ళీ వెళ్ళడమే కష్టం.

శుక్రవారం పొద్దున్న కథ బాగా సాగుతుంది. నా కథలో పెద్దక్క, తన తల్లి ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చింది, బీరువా తెరిచింది, లోపల ఏదో చూసి ఆగిపోయింది. అక్కడ నేను లేవాల్సి వచ్చింది. శనివారం చుట్టాలు. ఆదివారం పాప స్కూలు ప్రాజెక్టు. సోమవారం నుంచి ఆఫీసులో నెలాఖరు లెక్కలు. గురువారం ఫైల్ తెరిస్తే ఆ పెద్దక్క ఎవరో నాకు తెలియనట్టే ఉంటుంది. బీరువాలో ఏం చూసిందో గుర్తు రాదు. ఆ వాక్యాల్లో గొంతు ఎలా ఉండేదో పట్టుబడదు. నాలుగు లైన్లు రాసి, కొట్టేసి, ఫోన్ చేతిలోకి తీసుకుని, "ఇవాళ మూడ్ లేదు" అనుకుని లేచిపోతాం.

మూడ్ లేదని మనం అనుకునే రోజుల్లో చాలావరకు జరిగేది ఇదేనని నా నమ్మకం. రాయాలన్న కోరిక ఎక్కడికీ పోలేదు. కథ కొస చేతిలోంచి జారిందంతే. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే కొస జారినవాళ్ళు తమలో ఆ తపనే లేదని తేల్చేసుకుంటారు. మంచి వాక్యం రాయగలిగినవాళ్ళు ఇలా మానేయడం చూశాను. చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఇవన్నీ ఇక్కడ రాసి పెట్టడానికి కారణం కూడా అదే.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది చీటీ. లేచే ముందు ఆఖరి మూడు నాలుగు నిమిషాలు కథ రాయను. తర్వాత ఎప్పుడో వచ్చి కూర్చోబోయే నాకోసం రాస్తాను. మొన్నటి చీటీ ఇది: "బీరువాలో ఉన్నది చెల్లెలి స్కూలు ఫొటో. అక్క దాన్ని సంచిలో పెట్టుకోవాలా, అక్కడే వదిలేయాలా తేల్చలేదు. వదిలేస్తేనే బాగుంటుందనిపిస్తోంది. తర్వాతి వాక్యం: కింద నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారు. అక్కకి ఇంకా కోపం తగ్గలేదు, ఇక్కడ ఏడవకూడదు."

ఇందులో కథ ప్లాన్ లేదు. ముగింపు ఏమిటో లేదు. ఉన్నది మూడే విషయాలు: ఎక్కడ ఆగాను, ఏ సందేహంలో ఆగాను, ఆ మనిషి అప్పుడు ఏ మనఃస్థితిలో ఉంది. మూడోది తప్పకుండా రాయాలి. సంఘటనలు చదివితే గుర్తొస్తాయి. కోపం గుర్తు రాదు. అది లేకపోతే రాసిన వాక్యం చప్పగా వస్తుంది, ఎందుకు చప్పగా ఉందో కూడా అర్థం కాదు.

ఆపేటప్పుడు తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోట ఆపాలని అమెరికన్ రచయిత హెమింగ్వే చెప్పేవాడు. అది మంచి మాటే, కానీ ఎక్కడ ఆపాలో తేల్చుకునే వీలు ఆయనకు ఉంది. మనల్ని ఆపేది పాల టైమ్, బస్సు టైమ్, కాలింగ్ బెల్. తర్వాత ఏమిటో తెలియని చోటే చాలాసార్లు ఆగాల్సి వస్తుంది. అలాంటప్పుడు "తర్వాత ఏమిటో తెలియడం లేదు, అక్క వెళ్ళిపోవాలా ఉండాలా" అని రాసి లేచినా సరిపోతుంది. ప్రశ్న చేతిలో ఉంటే దారి మూసుకుపోదు.

ఒక పని మధ్యలో వదిలి ఇంకో పనికి వెళ్ళినప్పుడు మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాశారు. 2018లో ఆమె, థెరెసా గ్లాంబ్ కలిసి చేసిన ఇంకో అధ్యయనంలో, పని వదిలేముందు ఎక్కడున్నామో, తిరిగి వచ్చాక ముందు ఏం చేయాలో క్లుప్తంగా రాసి పెట్టుకున్నవాళ్ళు తర్వాతి పనిలో బాగా లీనం కాగలిగారని తేలింది. అది చదివేసరికి నాకు చీటీ అలవాటు ఎప్పుడో అయిపోయింది. చదివాక మాత్రం రెండో ప్రయోజనం అర్థమైంది. చీటీ రాసిన రోజు నేను ఆఫీసులో బ్యాంకు స్టేట్‌మెంట్లు సరిచూస్తుంటే పెద్దక్క వచ్చి అడ్డం పడదు. ఆమె సంగతి కాగితం మీద భద్రంగా ఉంది. సాయంత్రం ఇంటికి వచ్చాక పాపతో మాట్లాడేటప్పుడు నేను నిజంగా పాపతోనే ఉంటాను. రాసేవాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఇది చాలా పెద్ద మేలు.

పెద్ద రచయితల దినచర్యలు నేనూ ఇష్టంగా చదువుతాను. ఇంగ్లీషు నవలాకారుడు ఆంథనీ ట్రాలప్ గురించి రాసేవాళ్ళంతా చెబుతుంటారు: తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూ, పొద్దున్నే 5:30కి బల్ల ముందు కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 పదాల చొప్పున రాశాడని. అలాగే 47 నవలలు రాశాడు. ఆయన చనిపోయాక 1883లో వచ్చిన ఆత్మకథలోనే ఆ లెక్కలన్నీ ఉన్నాయి. అందరూ ఆ 250 దగ్గరే ఆగిపోతారు. అదే చోట ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. కూర్చున్న మూడు గంటల్లో మొదటి అరగంట కొత్తది రాయడు. ముందురోజు రాసింది చదువుకుంటాడు, ఆ వాక్యాల ధ్వని చెవికి అందేదాకా. అంత వేగంగా రాసే మనిషికే కథలోకి తిరిగి వెళ్ళడానికి అరగంట కావాలి! మనం అరగంటే ఉందని, చదవకుండా నేరుగా కొత్త వాక్యం మీద పడిపోతాం. నాకున్న అరగంటలో మొదటి పది నిమిషాలు చదవడానికే ఇస్తున్నాను. రాసే వాక్యాలు తగ్గలేదు, కొట్టేసేవి తగ్గాయి.

ట్రాలప్‌ని రోజూ నిద్రలేపడానికి ఒక పనివాడు ఉండేవాడు, ఆ పనికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు. ఎవరి దినచర్య చదివినా ఆ ఇంట్లో మిగతా పనులు ఎవరు చేశారని ఒకసారి చూడాలి. చూడకుండా ఆ కొలతతో మనల్ని మనం కొలుచుకోవడం న్యాయం కాదు. నాకు ఎక్కువ ధైర్యమిచ్చేది కెనడా కథకురాలు ఆలిస్ మన్రో. పిల్లలు చిన్నప్పుడు, వాళ్ళు నిద్రపోయే సమయాల్లో రాసుకున్న మనిషి ఆవిడ. నవలకి సరిపడా సమయం లేకే కథల వైపు వచ్చానని తానే చెప్పారు. ఆ కథలకే 2013లో నోబెల్ వచ్చింది. అమెరికన్ నవలా రచయిత్రి టోనీ మారిసన్ ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పనిచేస్తూ, ఇద్దరు కొడుకుల్ని ఒంటరిగా పెంచుతూ, తెల్లవారకముందే లేచి రాసేవారు. మన తెలుగులో చూస్తే రావిశాస్త్రి లాయరు, కారా అని పిలుచుకునే కాళీపట్నం రామారావు లెక్కల మాస్టారు, పాలగుమ్మి పద్మరాజు కెమిస్ట్రీ లెక్చరర్. పద్మరాజు 'గాలివాన' కథకి 1952లో అంతర్జాతీయ పోటీలో రెండో బహుమతి వచ్చింది. కారా మాస్టారు రాసిన కథలు తక్కువే. తక్కువ రాశారని ఆయన్ని ఎవరూ చిన్న రచయిత అనలేదు. ఉద్యోగం, ఇల్లు చూసుకుంటూ రాసేవాళ్ళు రోజూ ఇన్ని పదాలని టెన్షన్ పడినప్పుడు ఆయన్ని గుర్తు చేసుకోవాలి.

ఇక అలసట సంగతి. అలసటలో రకాలుంటాయని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. నెలాఖరులో రోజంతా అంకెలు చూసి వస్తే కళ్ళు, తల రెండూ మొద్దుబారతాయి, కానీ మనసు స్థిమితంగానే ఉంటుంది. అత్తయ్యకి బాగోలేని రోజు ఒళ్ళు బాగానే ఉంటుంది, మనసు చెదిరిపోతుంది. మొదటి రకం రోజున కొత్త సన్నివేశం రాయలేను. నోట్‌బుక్‌లో చేత్తో రాసింది ఫోన్‌లో టైప్ చేయగలను, ఒత్తులు, దీర్ఘాలు సరిచూడగలను, పాత పేజీలు పైకి చదివి ఎక్కడ నాలుక తడబడిందో గీత పెట్టగలను. రెండో రకం రోజున ఈ సరిచూసే పనులేవీ చేతకావు, ఒక్కొక్కసారి మంచి సంభాషణ మాత్రం వస్తుంది. మనసు చెదిరినప్పుడు మనుషులు ఎలా మాట్లాడతారో అప్పుడు చెవికి బాగా తెలుస్తుంది. కాబట్టి కొత్తది రాసే పని, చిల్లర పని అని రెండు విడి జాబితాలు పెట్టుకున్నాను. నెలాఖరు వారానికి ముందే చిల్లర పని మిగిల్చి ఉంచుతాను. ఆ వారం ఒక్క కొత్త వాక్యం లేకపోయినా రాసే బల్ల దగ్గరికి రోజూ వెళ్ళినట్టే ఉంటుంది.

అలవాటు గురించి ఒక మాట. 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని అందరూ చెప్పుకుంటారు. లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక చిన్న పని దానంతట అది జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి ఆ అంచనా 18 నుంచి 254 రోజుల దాకా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు పడటానికి చెప్పుకోదగ్గ నష్టం లేదని కూడా వాళ్ళు చూశారు. ఆ చివరి సంగతి ప్రతి రచయితా గోడ మీద రాసి పెట్టుకోదగ్గది. అయితే వాళ్ళు గమనించినవి నీళ్ళు తాగడం, కాసేపు నడవడం లాంటి పనులు. కథ రాయడం అలా ఎప్పటికీ కాదు, ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది. వెళ్ళి కూర్చోవడం మాత్రం అలవాటు కాగలదు. అందుకే కూర్చోవడాన్ని వేరే పనికి ముడిపెట్టాను: రాత్రి అత్తయ్యకి మందులిచ్చి, గ్లాసు కడిగి బోర్లించగానే నోట్‌బుక్ తెరవాలి. గంటతో ముడిపెడితే గంట జారిపోతుంది. మందులు ఎంత ఆలస్యమైనా ఇవ్వక తప్పదు, కాబట్టి నోట్‌బుక్ కూడా తెరుచుకుంటుంది. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 'ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను' అన్న ఈ పద్ధతి మీద ఎన్నో ఏళ్ళు పనిచేశారు. ఊరికే 'చేయాలి' అనుకోవడం కంటే ఇది చాలా గట్టిగా నిలబడుతుంది.

ఇంట్లోవాళ్ళ సంగతి చెప్పకుండా ఇదంతా చెప్పడం సరికాదు.

మా పాప మొదట్లో, "అమ్మా, రాస్తున్నావా, ఆలోచిస్తున్నావా?" అని అడిగేది. ఆలోచిస్తున్నానంటే మాట్లాడొచ్చని దాని లెక్క. చేయి ఆగి ఉంటే పని ఆగినట్టేనని పెద్దవాళ్ళు కూడా అనుకుంటారు, దాన్నేం అనగలను? ఒకరోజు కూర్చోబెట్టి చెప్పాను. "నువ్వు లెక్క చేసేటప్పుడు పెన్ను పట్టుకుని పైకి చూస్తుంటావు కదా, అప్పుడు నేను పిలిస్తే?" "మళ్ళీ మొదటి నుంచి చేయాలి." "నాకూ అంతే." అంతకంటే చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడు ఏదైనా కావాలంటే చిన్న కాగితం మీద రాసి నా మోచేతి పక్కన పెట్టి వెళ్తుంది. మా ఆయన ఆ అరగంట ఫోన్లు, తలుపు తను చూసుకుంటారు. దాన్ని సాయం అని పిలవడం నాకిష్టం లేదు. ఆయన పేకాట స్నేహితులు వచ్చినప్పుడు నేను చూసుకోవడం లేదా?

అత్తయ్యకి ఇలాంటి నియమాలు చెప్పలేం. చెప్పినా నిలవవు. పక్క గదిలో నేను కనిపించకపోతే ఆవిడకి కంగారు, పిలుస్తూనే ఉంటారు. కొన్నాళ్ళు ఆవిడ నిద్రపోయేదాకా ఆగేదాన్ని, అప్పటికి నాకూ నిద్ర ముంచుకొచ్చేది. తర్వాత ఆవిడ గదిలోనే, మంచం పక్కన కుర్చీ వేసుకుని రాయడం మొదలుపెట్టాను. ఫోన్ వెలుతురు ఆవిడ కళ్ళకి సరిపడదు, అందుకే నోట్‌బుక్.

"ఏం రాస్తున్నావమ్మా?"

"కథ అత్తయ్యా."

"ఎవరి గురించి?"

"ఇద్దరు అక్కచెల్లెళ్ళ గురించి."

కాసేపటికి మళ్ళీ అదే ప్రశ్న. ఇంకాసేపటికి మళ్ళీ. మొదట్లో ప్రతిసారీ దారం తెగిపోయేది. అదే జవాబు చెప్పడం విసుగేసి, ఒక రాత్రి మార్చి చెప్పాను: "తల్లి పోయాక ఇల్లు పంచుకోవాల్సి వచ్చిన ఇద్దరి గురించి." ఇంకోసారి: "అక్క మీద కోపమో, అమ్మ మీద కోపమో తెలియని ఒక చెల్లెలి గురించి." ఆ మాట నోటి నుంచి వచ్చాక నేనే ఆగిపోయాను. ఎన్నో వారాలుగా చెల్లెలి పాత్ర నాకు అందకపోవడానికి కారణం అదే. ఆవిడ అడగకపోతే నేను దాన్ని ఒక వాక్యంలో పెట్టి చూసుకునేదాన్ని కాదు. అప్పటి నుంచి అత్తయ్య అడిగిన ప్రతిసారీ కథ ఏమిటో కొత్తగా చెబుతాను. ఒక్కొక్కసారి ఆవిడ, "పాపం," అంటారు. ఒక్కొక్కసారి, "తప్పు అక్కదే," అంటారు. రెండూ కాగితం అంచున రాసుకుంటాను. నాకు ఇంత ఓపికగా కథ వినే మనిషి ఇంకొకరు లేరు.

అడ్డం వచ్చే ప్రతిదీ ఇలా వరం అవుతుందని నేను చెప్పడం లేదు. ఈ మధ్య ఆవిడ జారిపడి ఆసుపత్రిలో ఉన్న వారాల్లో చీటీ లేదు, పది నిమిషాలు లేవు, ఏమీ లేదు. రాయాలని కూడా అనిపించలేదు. అప్పుడు రాయకపోవడమే సరైన పని. వెయిటింగ్ హాల్లో కూర్చుని రాసేవాళ్ళు ఉంటారు, వాళ్ళకి దండం. నాకు ఆ వారాల్లో చేయాల్సిన పని ఎదురుగా మంచం మీద ఉంది.

పెద్ద విరామం తర్వాత తిరిగి రావడం, రెండు మూడు రోజులు తప్పిన తర్వాత రావడం ఒక్కలాంటివి కావు. చీటీ ఉన్నా అది ఎవరో రాసినట్టు ఉంటుంది. ఆ సమయంలో అందరం చేసేది, మొదటి పేజీ నుంచి చదువుకుంటూ రావడం. దయచేసి అలా చేయకండి. మొదటి పేజీలో ఏదో మాట నచ్చదు, మారుస్తాం. రెండో పేజీలో పేరా మారుస్తాం. ఆగిన చోటికి చేరేలోపే ఆ అరగంటలన్నీ అయిపోతాయి, మళ్ళీ ఇంట్లో ఏదో వస్తుంది. మొదటి రెండు పేజీలు అద్దంలా మెరుస్తూ, మిగతాది అసలు లేని కథలు నాకు తెలిసినవాళ్ళందరి దగ్గరా ఉన్నాయి. నేను చేసింది ఆఖరి పేజీ ఒక్కటి తీసి, దాన్ని కొత్త కాగితం మీద చేత్తో మళ్ళీ ఎత్తి రాయడం. ఏమీ మార్చకుండా. సగం పేజీ అయ్యేసరికి వాక్యం నడక చేతికి తెలిసింది. పేజీ చివరికి వచ్చేసరికి ఆగాలనిపించలేదు, ఇంకో రెండు వాక్యాలు వాటంతట అవే వచ్చాయి. ఎత్తి రాయడానికి ప్రతిభ అక్కర్లేదు, ధైర్యం కూడా అక్కర్లేదు, కాబట్టి భయం వేయదు. ఎక్కువ విరామం వచ్చినవాళ్ళకి నేను చెప్పగలిగిన ఉపాయాల్లో ఇదే గట్టిది.

అప్పటికీ కథ తెరుచుకోకపోతే, ఆ పాత్ర చేత నాకు ఉత్తరం రాయిస్తాను. "ఇన్నాళ్ళు ఎక్కడికి పోయావు?" అని మొదలవుతుంది సాధారణంగా. అది కథలోకి రాదు. కానీ అందులో ఆమె నాతో మాట్లాడిన తీరు కథలోకి వస్తుంది.

ఫేస్‌బుక్‌లో లైకులు, పత్రికల నుంచి జవాబులు, పోటీలు వీటి గురించి ఎక్కువ చెప్పను. వచ్చినప్పుడు సంతోషమే, అయితే ఆ సంతోషం గురువారం రాత్రి గ్లాసు కడిగాక నన్ను కుర్చీలో కూర్చోబెట్టలేదు. కూర్చోబెట్టేది నా స్నేహితురాలు. తనూ రాస్తుంది, తనకీ ఇల్లు, ఉద్యోగం. నెలకోసారి ఎన్ని పేజీలుంటే అన్ని ఒకరికొకరం పంపుకుంటాం. బాగుందా లేదా అన్న తీర్పులు వద్దని ముందే మాట అనుకున్నాం. చదివి, తర్వాత ఏం తెలుసుకోవాలనిపించిందో ఒక్క ప్రశ్న అడగాలి, అంతే. పొగడ్తకి నేను ఒకరోజు బతుకుతాను, విమర్శకి వారం నలుగుతాను. ప్రశ్న మాత్రం బట్టలు మడతపెడుతున్నప్పుడు కూడా పని చేస్తూనే ఉంటుంది.

ఈ నెల తను అడిగింది: "ఇల్లు అమ్మేశాక ఆ చెల్లెలు ఎక్కడికి వెళ్తుంది? వెళ్ళడానికి తనకి ఒక చోటు ఉందా?" చెల్లెలికి భర్త ఉన్నాడు, కాపురం ఉంది, ఇంకా ఈ ప్రశ్న ఏమిటని మొదట అనుకున్నాను. రెండు రోజులు పోయాక, ఆ అమ్మాయి తన ఇంటి గురించి కథ మొత్తంలో ఒక్కసారి కూడా మాట్లాడలేదని గమనించాను. ఆ సన్నివేశం రాయాలి. ఎల్లుండి నుంచి నెలాఖరు లెక్కలు మొదలవుతాయి, ఆ వారం కొత్తది రాయలేను. కాబట్టి రేపు పొద్దున్న అరగంటలో కనీసం చెల్లెలు బస్సు దిగి తన వీధిలోకి తిరిగేదాకా రాసి, మిగతాది చీటీలో పెట్టాలి.